దేవుడికి చెప్పిన గోత్రం

రిటైరైన ప్రోగ్రామరుకి ఊళ్ళో పెద్ద గౌరవమేం ఉండదు. రిటైరైన హెడ్మాస్టరు కనిపిస్తే నమస్కారం పెడతారు. రిటైరైన తాసీల్దారుకి కుర్చీ వేస్తారు. నేను కనిపిస్తే మాత్రం, "మా ప్రింటరు కాయితం మింగేస్తోందండి, ఓసారి చూసి పెడుదురూ" అంటారు. నేను ప్రింటర్లు బాగుచేసేవాణ్ణి కాదండీ, ప్రోగ్రాములు రాసేవాణ్ణి అంటే, "రెండూ ఒకటే కదండీ" అని నవ్వేసి ప్రింటరు చేతికిస్తారు. అందుకని ఎవరైనా వచ్చి నిజంగా ప్రోగ్రాముల సంగతి అడిగితే నాకు ప్రాణం లేచొస్తుంది.

మొన్న మా వీధిలో ఇంజనీరింగు చదువుతున్న అమ్మాయిలిద్దరు వచ్చి, "ఓవర్‌లోడింగు మంచిదాండీ, డిఫాల్టు పారామీటర్లు మంచివాండీ?" అని అడిగారు. ఇంటర్వ్యూల్లో అడుగుతున్నారట. నేను దానికి జవాబుగా ఒక పెళ్ళి కథ చెప్పాను. వాళ్ళు ఇంటర్వ్యూలో అదే చెప్పారో, చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్నారో తెలియదు. మీకు కూడా అదే చెబుతాను, నా దగ్గర వేరే జవాబు లేదు.

ముందు ఆ రెండు మాటలూ ఏమిటో చెప్పుకుందాం. ప్రోగ్రాములో ఒక పని చేయించాలంటే ఆ పనికి ఒక పేరు పెట్టి, కావలసిన వివరాలు చేతికిస్తాం. ఒక్కోసారి అన్ని వివరాలూ ఇవ్వం. అప్పుడేం చెయ్యాలన్నదే తగువు. మా అమలాపురంలో ఒక హోటలుంది. అక్కడ పెసరట్టు అంటే చాలు, ఉప్మా పెట్టి మరీ తెచ్చేస్తారు. వద్దనుకుంటే ఆ మాట మనమే ముందు చెప్పుకోవాలి. అదీ డిఫాల్టు. ఎదుటివాడు చెప్పకపోతే ఫలానా అని మనమే అనుకుని పెట్టుకోవడం. ఇంకో హోటల్లో అలా కాదు. ఉత్త పెసరట్టుకి ఒక పద్ధతి, ఉప్మాతో అడిగితే ఇంకో పద్ధతి, ఉల్లి, అల్లం, మిర్చి అన్నీ చెబితే మరో పద్ధతి. పేరు మాత్రం అన్నిటికీ పెసరట్టే. మనం ఏం చెప్పామో చూసి వంటమేస్త్రి తగిన పద్ధతి ఎత్తుకుంటాడు. అది ఓవర్‌లోడింగు. మొదటి హోటల్లో పని చకచకా సాగుతుంది. రెండో హోటల్లో మేస్త్రికి చాకిరీ ఎక్కువ. నేను మొదటినుంచీ రెండో హోటలు మనిషిని.

మా ఆఫీసు బస్టాండుకి దగ్గర్లో గాజుల కొట్టు మీద మేడ. ప్రొప్రయిటరు గారు, నేను, ఇంకో ఇద్దరు, అంతే. హైదరాబాదులో చాలాకాలం చాకిరీ చేసి, చివరి రోజులు సొంతూళ్ళో గడుపుదామని ఇక్కడ చేరాను. కొబ్బరి మండీలకి, చేపల చెరువులవాళ్ళకి, మందుల షాపులకి చిన్న చిన్న ప్రోగ్రాములు రాసిచ్చేవాళ్ళం. ఆ ఇద్దరిలో ఒకమ్మాయి రోజూ కొత్తపేట వైపు నుంచి బస్సులో వచ్చేది. వేదం చదువుకున్న కుటుంబం. తాతగారు ఘనం దాకా చదివారట. మనవరాలు కాకినాడలో కంప్యూటర్లు చదివి వచ్చింది. బుర్ర పాదరసం. నోరు అంతకంటే చురుకు. నన్ను "బాబాయ్ గారండీ" అని ఎంతో మర్యాదగా పిలిచి, నేను రాసిన కోడు చూసి అంతే మర్యాదగా గడ్డి పెట్టేది.

గోదావరి గట్టున వేణుగోపాలస్వామి గుడి ఒకటుంది. అక్కడ అర్చన టిక్కెట్లకి ప్రోగ్రాము కావాలన్నారు. అంతవరకూ కౌంటర్లో ఉత్త టిక్కెట్టు చింపి ఇచ్చేవారు. లోపల అర్చకస్వామి గారు చెవి ముందుకు వంచి, "గోత్రం చెప్పండి, నక్షత్రం చెప్పండి" అని ఒక్కొక్కరినీ అడిగి చదివేవారు. ఇకమీదట కౌంటర్లోనే పేరు, గోత్రం, నక్షత్రం కొట్టి చీటీ ఇస్తే, స్వామి గారు దాన్ని చూసి మైకులో చదువుతారు. మైకు కూడా అప్పుడే కొత్తగా పెట్టించారు.

"మరి గోత్రం చెప్పకపోతే?" అని నేను మొదలుపెట్టాను.

"ఆయ్, అది తేలికేనండి. కాశ్యపసం వేసేద్దాం" అందా అమ్మాయి. "గోత్రం తెలియనివాళ్ళందరికీ కాశ్యపసమేనని మా తాతయ్య చెప్పేవారు. డిఫాల్టు మనం పెట్టక్కర్లేదు బాబాయ్ గారండీ, పెద్దవాళ్ళు ఎప్పుడో పెట్టేసేరు."

నిజం చెప్పొద్దూ, ఆ మాటకి నాకే ముచ్చటేసింది. మన సంప్రదాయంలో ఇంత చక్కటి డిఫాల్టు ఉందని నాకు తట్టలేదు. కానీ ముచ్చట వేరు, వాదన వేరు. నేను ఓవర్‌లోడింగు పట్టుకుని కూర్చున్నాను. పేరూ గోత్రం రెండూ ఇస్తే ఒక పద్ధతి, ఉత్త పేరు ఇస్తే ఇంకో పద్ధతి. ఆ రెండో దాంట్లో చీటీ వెంటనే రాదు, యంత్రం గుమాస్తాని "అడిగారా?" అని ఆపుతుంది.

"కార్తీకమాసంలో క్యూ గట్టు దాకా ఉంటుందండి. మీ ప్రోగ్రాము మఠం వేసుకుని కూర్చుని ప్రశ్నలడుగుతుందా? పైగా రాసిందే రెండుసార్లు రాయాలి."

"రాస్తే వేళ్ళు అరిగిపోతాయా?"

"మీ వేళ్ళకి వయసైపోయింది కదాని, నాకు బెంగండి."

ప్రొప్రయిటరు గారు ఇద్దరి మాటా విని, జంతిక కొరుకుతూ, "ఏది తొందరగా అవుద్దండి?" అని అడిగారు. "నాదండి" అంది. తీర్పు అయిపోయింది. సుప్రీంకోర్టులో కూడా అంత తొందరగా అవదు. నేను ముఖం మాడ్చుకుని టీకి వెళ్ళిపోయాను.

కార్తీకం దివ్యంగా గడిచింది. కౌంటరు గుమాస్తా పేరు కొట్టడం, ఎంటర్ కొట్టడం, చీటీ చింపడం. క్యూ పరుగులు పెట్టింది. ఆ సందడిలో మైకులో ఎవరికి ఏ గోత్రం చదివారో ఎవరూ పట్టించుకోలేదు. దేవస్థానంవారు మా అందరికీ శేషవస్త్రాలు కప్పారు. ఆ అమ్మాయి కండువా సర్దుకుంటూ నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తే.

ఆ శీతాకాలంలోనే ఆ అమ్మాయికి పెళ్ళి కుదిరింది. పిల్లాడు రాజోలు దగ్గర కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. అంతకుముందు వచ్చిన సంబంధాలన్నిటికీ ఏదో ఒక వంక పెట్టిన పిల్ల, ఇతనికి మాత్రం వెంటనే తలూపింది. చూసుకోవడానికి వచ్చినప్పుడు, "మీరు రాసిన ప్రోగ్రాము ఎక్కడైనా నడుస్తుంటే చూడొచ్చాండీ?" అని అడిగాడట. అంతే, పడిపోయింది. మాతో చెప్పలేదు కానీ, కోడులో తప్పులొస్తున్నా విసుక్కోకుండా నవ్వుకుంటుంటే మాకు అర్థం కాదూ? పిల్లాడివాళ్ళు కూడా నిష్ఠాపరులు. అందరూ పిల్లాడి పెదతాతగారి మాట మీద నడుస్తారు. ఆయన ఊఁ అంటే ఊఁ, ఉహూఁ అంటే ఉహూఁ.

మాఘమాసంలో తాంబూలాలు పెట్టుకున్నారు. ముందు గుళ్ళో ఇద్దరి పేరా అర్చన చేయించి, అక్కణ్ణించి ఆడపెళ్ళివారింటికి వెళ్ళడమని ఏర్పాటు. పిల్లాడు తన కాబోయే భార్య రాసిన ప్రోగ్రాము నడుస్తుంటే చూడాలని కోరాడట, అందుకే ఆ గుడి. నన్నూ పిలిచారు. పట్టుపంచె కట్టుకుని వెళ్ళాను.

టిక్కెట్లు తీసుకునే పని రెండు వైపులా మేనమామలకి పడింది. పిల్లాడి మేనమామ నిదానస్తుడు. పేరు, కాశ్యపస గోత్రం, రోహిణీ నక్షత్రం అని పూసగుచ్చినట్టు చెప్పి చీటీ తీసుకున్నాడు. పిల్ల మేనమామ చెవి దగ్గర ఫోను. అవతల వంటవాళ్ళు గుమ్మడికాయ దొరకలేదంటున్నారు. "కూర మార్చేయండి, అరటికాయ పెట్టండి" అని అరుస్తూ, మధ్యలో పిల్ల పేరు ఒక్కటి గుమాస్తాకి చెప్పి, చీటీ చూడకుండా పళ్ళెంలో పడేశాడు.

స్వామి గారు మైకులో పిల్లాడి పేరు, కాశ్యపస గోత్రం చదివారు. తరవాత పిల్ల పేరు. దాని వెంట కాశ్యపస గోత్రం. గుడంతా ఖంగుమంది.

"ఒక్క క్షణం ఆగండి స్వామీ" అన్నారు పెదతాతగారు.

మా కోనసీమలో తగువు కూడా అండీలతోనే మొదలవుతుంది. అది బయటివాళ్ళకి తెలియదు, ఏదో క్షేమసమాచారాలు అడుగుతున్నారనుకుంటారు. పెదతాతగారు పిల్ల తండ్రి వైపు తిరిగి ఎంతో మెత్తగా అడిగారు.

"ఏవండీ, మాకు భారద్వాజస గోత్రమని చెప్పేరు."

"ఆయ్. భారద్వాజసమేనండి."

"మరి స్వామికి కాశ్యపసమని చెప్పుకున్నారేవండీ?"

"మేం చెప్పలేదండి. పొరపాటున పడి ఉంటుందండి."

"సొంత గోత్రం పొరపాటున పడదు కదండీ. దత్తత ఏవైనా ఉందేమో పెద్దల్లో. ఉంటే తప్పేం లేదు. కానీ రెండు గోత్రాలూ చూసుకోవాలి కదా. మనిషికైతే ఒకటి దాచి ఒకటి చెబుతాం. స్వామికి అబద్ధం చెప్పం కదండీ."

పిల్ల తండ్రి ముఖం ఎర్రబడింది. "మేం దాచేమంటారాండీ?"

"అననండి. స్వామి సన్నిధిలో విన్నమాట మీకు చెప్పేనంతే. సగోత్రమైతే పిల్లలిద్దరూ అన్నాచెల్లెళ్ళ వరస. ఇంకేం మాట్లాడతాం? తాంబూలాల సంగతి మళ్ళీ ఆలోచించుకుందామండి."

'మళ్ళీ ఆలోచించుకుందాం' అంటే మా పక్క అర్థం తెలుసు కదా, ఇక ఆ ఊసెత్తరు. పిల్లాడు నోరు తెరవబోతే పెదతాతగారు చెయ్యెత్తారు. నా పక్కన నిలబడ్డ అమ్మాయి చెయ్యి చల్లగా నా మోచేతిని పట్టుకుంది.

"బాబాయ్ గారండీ, అది నా డిఫాల్టండీ" అంది. కళ్ళనిండా నీళ్ళు. అంతవరకూ నాలో గంతులేస్తున్న 'నేను చెప్పలేదూ' అనే మాట అప్పుడు ఎటు పోయిందో తెలియదు. వాదన నెగ్గినందుకు ఇంత బాధపడిన రోజు నాకు ఇంకోటి లేదు.

ముందుకెళ్ళి పెదతాతగారికి విషయం చెప్పాను. గోత్రం కొట్టకపోతే యంత్రమే కాశ్యపసం వేసుకుంటుందండీ అన్నాను.

"తెలియనివాళ్ళకి కదండీ కాశ్యపసం. వీళ్ళకి తెలియదా?"

"మా గోత్రం మాకు తెలియదంటున్నారా?" అని పిల్ల తండ్రి ఇటు నుంచి లేచాడు. నేను చక్కబెట్టబోయి ఇంకో పీటముడి వేశాను.

చేసి చూపిస్తానని అందరినీ కౌంటరు దగ్గరికి నడిపించాను. "తాతగారండీ, మీ పేరొక్కటే చెప్పండి. గోత్రం చెప్పకండి. యంత్రం ఏమంటుందో చూడండి" అన్నాను. ఆయన చెప్పారు. చీటీ వచ్చింది. కాశ్యపస గోత్రం.

పెదతాతగారి కళ్ళు పెద్దవయ్యాయి. "అడక్కుండానే సరిగ్గా చెప్పేసిందేవండీ!"

అప్పుడు వెలిగింది నాకు. ఆయన గోత్రం అదే కదా. ఇంకెవరి మీద చూపించినా పోయేది, వెతికి వెతికి ఆయన్నే పట్టుకున్నాను. కంగారులో నా పేరు కొట్టించాను. మళ్ళీ కాశ్యపసం. "నాది కౌండిన్యసమండీ" అంటే ఆయన జాలిగా చూశారు. "పోన్లెండి, మీ ఇంట్లో పెద్దవాళ్ళనోసారి కనుక్కోండి" అన్నారు. ఆ వయసులో నాకు గోత్రం పోయింది. పెదతాతగారికి మాత్రం యంత్రం మీద భక్తి పుట్టింది. దేవుడి కౌంటర్లో ఉన్న యంత్రం అబద్ధం ఎలా చెబుతుందని ఆయన ధీమా.

అప్పుడా అమ్మాయి కళ్ళు తుడుచుకుని గుమాస్తాని లేపి కుర్చీలో తను కూర్చుంది. పట్టుచీర కొంగు దోపుకుని కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

"తాతగారండీ, మామ్మగారి పుట్టింటివారి గోత్రం ఏంటండీ?"

"హరితస. ఎందుకమ్మా?"

"మామ్మగారి తమ్ముడు గారి పేరు చెప్పండి."

పెదతాతగారు బావమరిది పేరు చెప్పారు. చెప్పడంలోనే ఆయనంటే ఆట్టే పడదని తెలిసిపోయింది. అమ్మాయి పేరు కొట్టింది. చీటీ చింపి రెండు చేతులతో అందించింది. పెదతాతగారు కళ్ళజోడు సవరించుకుని చదివారు. మళ్ళీ చదివారు.

"కాశ్యపస గోత్రం" అని పైకి అన్నారు, గొంతు సన్నగా.

"ఆయ్. మరి ఈ యంత్రం చెప్పేదే నిజమైతే, మామ్మగారు కూడా కాశ్యపసమే కదండీ. మీదీ సగోత్రమేనండి."

అంతవరకూ స్తంభానికి ఆనుకుని కూర్చుని, అసలేం జరుగుతోందో పట్టనట్టు వత్తులు చేసుకుంటున్న మామ్మగారు తలెత్తారు.

"అయితే ఈ పెళ్ళి చెల్లదన్నమాట" అన్నారు. "ఏం యంత్రమో, ఇంత ఆలస్యంగానా చెప్పడం! ఈయనకి వేణ్ణీళ్ళు పెట్టీ పెట్టీ నా చేతులు కాయలుకాసేయి. సరే, బండి కట్టించండి, పుట్టింటికి పోతాను."

ముందు నవ్వింది పిల్లాడు. తరవాత అర్చకస్వామి గారు. మైకు ఆపలేదేమో, ఆ నవ్వు గట్టు దాకా వినిపించింది. చివరికి పెదతాతగారు కూడా నవ్వారు, నవ్వక ఏం చేస్తారు, కాపురం మీదికి వచ్చిందాయె. నవ్వు సద్దుమణిగాక అర్చకస్వామి గారు నెమ్మదిగా, "నేనూ అనుకుంటున్నానండి. కార్తీకం నుంచీ భారద్వాజసులు, కౌండిన్యసులు గుడికి రావడం బొత్తిగా మానేసేరేంటా అని" అన్నారు. ఆ ముక్క ముందే చెబితే ఆయన సొమ్మేం పోయేదో.

అంతా అయిపోయిందనుకునేసరికి పెదతాతగారు, "ఇంతకీ ఈ యంత్రానికి ఈ బుద్ధి నేర్పిందెవరండీ?" అని అడిగారు. పిల్ల మేనమామ దగ్గాడు. తండ్రి గోపురం వంక చూశాడు. నేను నా మీద వేసుకుందామనుకునేలోపు ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"నేనేనండి. తెలియనివాళ్ళకి కాశ్యపసం వెయ్యాలని మా తాతయ్య చెప్పేవారండి."

"మీ తాతగారు చెప్పింది నిజమేనమ్మా. తెలియనివాళ్ళకన్నారు, చెప్పనివాళ్ళకనలేదు. ముందు అడగాలి కదా."

"ఆహా" అన్నారు మామ్మగారు వత్తి నలుపుతూ. "ఇన్నేళ్ళలో ఈయన నన్ను అడిగి చేసిందేమిటో కాస్త చెప్పమను."

తాంబూలాలు ఆ పూటే అయిపోయాయి. అరటికాయ కూర బాగానే కుదిరింది.

ఇందులో మీకు పనికొచ్చే ముక్క పెదతాతగారి నోటి నుంచే వచ్చింది. తెలియకపోవడం వేరు, చెప్పకపోవడం వేరు. డిఫాల్టు ఆ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంది. ప్రసాదం పొట్లాలు ఎన్నో చెప్పకపోతే ఒకటి ఇచ్చేయండి, ఎవరి కొంపా మునగదు. గోత్రంలాంటిది అయితే, చెప్పినవాడికో పద్ధతి, తెలియదన్నవాడికో పద్ధతి విడివిడిగా రాసుకోండి. ఏమీ చెప్పనివాడికి అసలు పద్ధతే ఉండకూడదు, అడిగేదాకా చీటీ రాకూడదు. ఆ అమ్మాయి సోమవారం ఆఫీసుకొచ్చి, ఎవరూ చెప్పకుండానే కూర్చుని సరిగ్గా అలాగే తిరగరాసింది. రాసిందే రెండుసార్లు రాయాల్సొచ్చిందని నేను ఒక్క మాటా అనలేదు. అనాలని ఎంతగా ఉన్నా అనలేదు, ఆ సంగతి మీరు గమనించాలి.

పెళ్ళి వైశాఖంలో జరిగింది. కొన్నాళ్ళకి కొత్త దంపతులు అదే గుడికి వస్తున్నారని తెలిసి నేనూ వెళ్ళాను. పెద్ద కౌంటర్లో కొత్త ప్రోగ్రాము నడుస్తోంది. పక్కన చిన్న కౌంటర్లో మాత్రం పాతదే ఉండిపోయింది, మార్చమని మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ అమ్మాయి కావాలనే ఆ క్యూలో నిలబడి, తన పేరొక్కటే చెప్పింది. చీటీ తీసుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చింది. కాశ్యపస గోత్రం.

నేను కంగారుగా అది మార్పించబోతే చెయ్యి అడ్డం పెట్టింది. మెడలో కొత్త పసుపుతాడు. పక్కన ఫిజిక్సు మాస్టారు నవ్వాపుకుంటున్నాడు.

"మార్చక్కర్లేదు బాబాయ్ గారండీ. పెళ్ళయ్యేక నా గోత్రం ఇదే కదండీ మరి. నా డిఫాల్టు తప్పు చెప్పలేదండి. కాస్త ముందుగా చెప్పిందంతే."

నా సర్వీసు మొత్తంలో నేను ఓడిపోయి సంతోషించిన వాదన అదొక్కటే. పులిహోర దొన్నె అందుకుని మెట్ల మీద కూర్చుని తిన్నాను.